తాబేలు లెక్క చేప లెక్క కాదు

వేసవి వచ్చిందంటే గోదావరి జిల్లాల పేపర్లలో ఒక చిన్న వార్త కనిపిస్తుంది. ఫలానా చోట వ్యాను ఆపారు, గోనెసంచులు విప్పారు, వందల తాబేళ్లు బయటపడ్డాయి, డ్రైవరునీ పక్కనున్న కుర్రాడినీ అదుపులోకి తీసుకున్నారు. లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. మళ్లీ వేసవికి ఊరి పేరు మారుతుంది, సంచుల లెక్క మారుతుంది, మిగతాదంతా అదే. ఆ సరుకు కొన్నదెవరు, డబ్బు పెట్టిందెవరు అన్న సంగతి మాత్రం ఆ నాలుగు వాక్యాల్లో ఎప్పుడూ ఉండదు.

పట్టుబడేది ఎక్కువగా ఒకే రకం. శాస్త్రజ్ఞులు ఇండియన్ ఫ్లాప్‌షెల్ అంటారు. మన చెరువుల్లో, పంట బోదెల్లో, మురుగు కాలువల్లో బతికే బురద రంగు మెత్తడిప్ప తాబేలు ఇది. ముట్టుకుంటే తల లోపలికి లాగేసుకుంటుంది. కాళ్లు ముడుచుకోగానే పొట్టవైపు ఉన్న చర్మపు మడతలు వాటి మీద తలుపుల్లా మూసుకుంటాయి. కుక్క నుంచీ నక్క నుంచీ కాపాడుకోవడానికి ఆ ఏర్పాటు అనుకోవచ్చు. మనిషికి మాత్రం అదే పెద్ద సౌకర్యమైపోయింది. ముడుచుకున్న తాబేలును గోనెసంచిలో వేసి, నీళ్లు చిలకరిస్తే చాలు, తిండీ తిప్పలూ లేకుండా రోజుల తరబడి ప్రాణంతో ఉంటుంది. చేపకైతే ఐసు కావాలి. దీనికి ఐసు ఖర్చు కూడా లేదు. సంచి మీద సంచి పేరిస్తే అడుగున ఉన్నవి నలిగిపోతాయి. వాటిని వ్యాపారి తరుగు కింద రాసుకుంటాడు.

పట్టే పద్ధతి డెల్టాలో చాలామందికి తెలిసిందే. దాళ్వా, అంటే రెండో పంట వరి, అయ్యాక కాలువలు కట్టేస్తారు. నీళ్లు ఇంకిపోగానే తాబేళ్లు బురదలోకి దిగి, తొలకరిదాకా కదలకుండా పడుకుంటాయి. అలవాటైన మనిషి మొనదేలిన ఇనప చువ్వతో ఆ బురదను పొడుచుకుంటూ వెళ్తాడు. మట్టికి తగిలిన చప్పుడు వేరు, డిప్పకు తగిలిన చప్పుడు వేరు. చేపల చెరువుల్లో పని ఇంకా తేలిక. పట్టుబడికి నీళ్లు తోడేసినప్పుడు అడుగున మిగిలినవన్నీ చేతికి దొరుకుతాయి. తాబేళ్లు చేపపిల్లల్ని తినేస్తాయన్న అనుమానం రైతులకు ఉండనే ఉంది కాబట్టి, ఎవరైనా వచ్చి ఏరుకుపోతామంటే వద్దనేవాళ్లు తక్కువ. నిజానికి అది ఎక్కువగా తినేది చచ్చిన చేపల్ని, నత్తల్ని, కప్పల్ని, నీటి మొక్కల్ని.

పల్లెల్లో తాబేలు కూర కొత్త కాదు. దొరికినప్పుడు ఒకటో రెండో కూరకు పట్టుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఒడిశా, బెంగాల్‌లలో కూడా ఆ మాంసం ఇష్టంగా తినేవాళ్లున్నారు. తిండి అలవాటును చూపించి ఒక జనం మొత్తాన్ని దొంగల్లా చూడడం ఈ పత్రికకు ఇష్టం లేదు. మా అభ్యంతరం సంచులతో, వ్యాన్లతో నడిచే వ్యాపారం మీద. కోనసీమ బోదెల్లో పట్టినవి చింతూరు మీదుగా ఒడిశాలోని మల్కన్‌గిరి చేరుతున్నాయంటే అది ఇంటి కూర కోసం కాదు. మధ్యలో అడ్వాన్సులిచ్చేవాడున్నాడు, పోగేసేవాడున్నాడు, రాత్రికి రాత్రి ఘాట్ దాటించేవాడున్నాడు.

ఇది మన ఒక్క రాష్ట్రం గొడవ కూడా కాదు. 2017 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో ఒకే దాడిలో 6,430 తాబేళ్లు దొరికాయి. 2009 నుంచి 2019 వరకు పదేళ్లలో దేశం మొత్తం మీద 1,11,310 తాబేళ్లను పట్టుకున్నట్టు వన్యప్రాణుల వ్యాపారం మీద కన్నేసి ఉంచే ట్రాఫిక్ అనే సంస్థ లెక్కగట్టింది. వారానికి రెండొందలకు పైనే. ఇవి పట్టుబడినవి మాత్రమే. దాటిపోయినవాటికి లెక్క ఎవరు కడతారు?

‘ఇన్ని పడుతున్నా ఇంకా దొరుకుతూనే ఉన్నాయిగా’ అనేవాళ్లు ఒక్కసారి ఉత్తర అమెరికా వైపు చూడాలి. అక్కడ స్నాపింగ్ టర్టిల్ అనే పెద్ద తాబేలుంది. కొరికితే వదలదని పేరు. ఫిలడెల్ఫియాలో దాని సూప్ పాతకాలం నుంచీ పేరుమోసిన వంటకం. పల్లెల్లో చెరువు దగ్గర ఎర గాలాలు, వల బుట్టలు పెట్టి పట్టుకోవడం తాతల నాటి సరదా. ఎక్కడ పడితే అక్కడ కనిపించే ప్రాణి కాబట్టి దానికేం కాదులే అనుకున్నారు. ఆ తర్వాత ఆసియా మార్కెట్ తలుపు తెరుచుకుంది, ఎగుమతులు లక్షల్లోకి వెళ్లాయి.

అప్పటికే శాస్త్రజ్ఞులు కెనడాలోని అల్గాంక్విన్ పార్కులో 1972 నుంచి ఈ తాబేళ్లకు గుర్తులు వేసి, ఒక్కోదాన్నీ గమనిస్తూ వస్తున్నారు. ఆ చలిదేశంలో ఆడ తాబేలు మొదటిసారి గుడ్లు పెట్టేసరికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతోంది. వెయ్యి గుడ్లు పెడితే అందులో ఒక్కటి కూడా పెద్దదవుతుందన్న నమ్మకం లేదు. మరి ఆ జాతి ఎలా నిలిచింది? పెరిగి పెద్దయిన తాబేలుకు చావు అరుదు. అది ఏటా గుడ్లు పెడుతూ దశాబ్దాలు బతుకుతుంది, అన్నేళ్ల గుడ్లలో ఎప్పుడో ఒకటి రెండు గట్టెక్కుతాయి. 1980ల చివర కొన్ని శీతాకాలాల్లో నీటికుక్కలు దాడి చేసి అక్కడి పెద్ద తాబేళ్లను చాలావాటిని చంపేశాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాలు దాటినా సంఖ్య కోలుకోలేదు. అక్కడ వేటగాడు లేడు, వ్యాపారి లేడు, అయినా అదీ పరిస్థితి. మిచిగాన్‌లో జరిగిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. పదిహేనేళ్లు పైబడిన తాబేళ్లలో ఏటా అదనంగా పదో వంతు చనిపోతే, పెద్ద తాబేళ్ల సంఖ్య ఇరవై ఏళ్లలోపే సగానికి పడిపోతుందట.

చేపల విషయంలో పెద్దవాటిని పట్టి, చిన్నవాటిని వదిలేయడం మంచి పద్ధతి. తాబేళ్ల విషయంలో అదే పద్ధతి జాతికి చేటు. కూరకు కావలసింది పెద్ద తాబేలే కదా. ఈ సంగతి అర్థమయ్యాకే కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2017లో స్నాపింగ్ టర్టిల్ వేటను పూర్తిగా ఆపేసింది. ముప్పున్న ప్రాణుల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే ఒప్పందం సైటీస్. 2022లో పనామాలో జరిగిన దాని సదస్సు స్నాపింగ్ టర్టిల్ అంతర్జాతీయ వ్యాపారాన్ని అనుమతుల కిందికి తెచ్చింది.

మన ఫ్లాప్‌షెల్ అంత ఆలస్యంగా ఎదగదు, అది నిజం. వెచ్చటి నీళ్లలో త్వరగానే పెద్దదవుతుంది. కానీ బోదెలకు సిమెంటు లైనింగు పడుతోంది, గుడ్లు పెట్టుకునే గట్లు పోతున్నాయి, పొలం మందులన్నీ మురుగు కాలువలోకే దిగుతున్నాయి. వీటి మీద వేట కూడా తోడైంది కాబట్టే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఇప్పుడది ముప్పున్న జాతుల సరసన చేరింది. ఇంకో దిగులు కూడా ఉంది. కృష్ణా, గోదావరి లాంటి ద్వీపకల్ప నదుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని లీత్స్ సాఫ్ట్‌షెల్ అనే పెద్ద తాబేలు అంతరించే అంచున ఉంది. అదే పనామా సదస్సులో భారతదేశం పట్టుబట్టి దాన్ని అత్యంత కట్టుదిట్టమైన మొదటి జాబితాలో చేర్పించింది. ఢిల్లీ అక్కడ సాధించింది బాగానే ఉంది. చెక్‌పోస్టులో సంచి విప్పిన ఉద్యోగికి ఆ రెండు తాబేళ్లకూ తేడా ఎవరైనా నేర్పారా?

చట్టంలో లోటు లేదు. వన్యప్రాణి చట్టంలో ఫ్లాప్‌షెల్ ఉన్నది పులీ ఏనుగూ ఉన్న మొదటి షెడ్యూలులోనే. పట్టినా, అమ్మినా, కొన్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2022 సవరణతో జరిమానా కనీసం పాతిక వేలయింది. ఇంత పెద్ద శిక్ష ఎవరి మీద పడుతోందన్నదే ప్రశ్న. చువ్వ పట్టుకుని బురదలో దిగినవాడికి దక్కేది కూలి డబ్బులు. డ్రైవరుకు ట్రిప్పు కిరాయి. వీళ్లకు కోర్టుల చుట్టూ తిరగడమే మిగులుతుంది. కొనుగోలుదారు ఫోను నంబరు, ఖాతాలో పడిన డబ్బు, అవతలి రాష్ట్రంలో సరుకు దించుకునే చోటు దర్యాప్తులో తేలకపోతే, వచ్చే వేసవికి ఇంకో డ్రైవరు దొరుకుతాడు. అంతే.

2016 డిసెంబరు నుంచి 2017 జనవరి దాకా వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో రాష్ట్రాలను కలుపుకుని ‘సేవ్ కూర్మ’ పేరుతో దాడులు చేసింది. నెలన్నరలో 15,739 తాబేళ్లను కాపాడి, 45 మందిని పట్టుకుంది. కలిసి పనిచేస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. ఆ ఊపు నెలన్నర ముచ్చటగా మిగలకూడదు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా అటవీ శాఖలు ప్రతి కేసునూ ఉమ్మడిగా దర్యాప్తు చేయాలి. సరుకుతో దొరికినవాళ్లు ఒక రాష్ట్రంలో, కొన్నవాళ్లు ఇంకో రాష్ట్రంలో ఉండగా ఎవరి ఫైలు వాళ్లు మూసేసుకుంటే కేసు నిలవదు.

పట్టుబడ్డ తాబేళ్ల సంగతీ అంతే గందరగోళం. కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా తొట్టెల్లో పడేసి, ఆ తర్వాత దగ్గర్లోని చెరువులో వందల కొద్దీ ఒకేసారి వదిలేస్తే సరిపోదు. జబ్బుపడ్డవేవో పశువైద్యుడు చూడాలి. ఏ కాలువల నుంచి వచ్చాయో తెలిస్తే అక్కడికే చేర్చాలి. ఒకే చెరువులో అన్నీ కుమ్మరిస్తే తిండి చాలదు. పైగా మళ్లీ పట్టుకునేవాడికి చిరునామా ఇచ్చినట్టే.

శ్రీకూర్మంలో కూర్మనాథుడికి మొక్కుకునే రాష్ట్రం మనది. ఆ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లకు ఆకు తినిపించి ఫొటో దిగే మనం ఇంటి వెనక బోదెలోని తాబేలును ప్రాణి కింద లెక్కేయం. భక్తి సంగతి అలా ఉంచి, చేపల రైతులతో మాట్లాడడం అటవీ శాఖకు అంతకన్నా పనికొచ్చే మార్గం. పట్టుబడి రోజు ముందుగా కబురు పెడితే సిబ్బంది వచ్చి తాబేళ్లను తీసుకెళ్లి వేరే నీటిలో వదులుతారన్న భరోసా ఇస్తే, వాటిని సంచులవాళ్లకు వదిలేసే అవసరం రైతుకు ఉండదు. బురదలో వాటి జాడ పసిగట్టగల మనుషుల్నే రోజు కూలి ఇచ్చి ఆ పనికి పెట్టుకోవచ్చు. ఏ మండలంలో ఎన్ని మిగిలాయో లెక్క తీయడానికి వాళ్లకు మించినవాళ్లు దొరకరు.

డెల్టా కాలువలు ఏప్రిల్‌లో కట్టేస్తారు. చువ్వలు బయటికొచ్చేది ఆ తర్వాతే. ఉమ్మడి దర్యాప్తు ఉత్తర్వులు, చింతూరు దారిలో రాత్రి తనిఖీలు, చేపల రైతులకిచ్చే ఫోను నంబరు ఆ లోపే సిద్ధం కావాలి.