తెడ్డు జారిన రోజు
ఆడవాళ్లలో పక్షవాతాన్ని నీరసం అనుకుని వదిలేస్తారని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. చిత్తూరులో మా చిన్నమ్మకు అచ్చం అదే జరిగింది. సంగటి కెలుకుతుంటే తెడ్డు చేతిలోంచి జారిపోయింది. తీసుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. మాట కూడా ముద్దగా వచ్చింది. ఒక్కపొద్దు కదా, కళ్లు తిరిగాయేమో అని మజ్జిగ తాగించి పడుకోబెట్టాం. అలాంటప్పుడు నోటికి ఏమీ ఇవ్వకూడదట, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుందట. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపు పడాలి. మేము తిరుపతి చేరేసరికి సాయంత్రమైంది. ఇప్పటికీ ఆమె కుడిచేయి సరిగా లేవదు.

కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగినవాళ్లకు తర్వాత కూడా పక్షవాతం ముప్పు ఎక్కువే. చిన్నమ్మకు రెండో కాన్పులో పెరిగింది, ఆ మాట అందరం మర్చిపోయాం. నాకూ కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చింది. ఇప్పుడు నెలనెలా చూపించుకుంటున్నాను. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద 108 అని పెద్దగా రాసి అంటించాను.