డిలన్ ముఖం చూశారా?
ఇథియోపియా కరువు సాయం కోసం పేరున్న అమెరికన్ గాయకులు కలిసి పాడిన 'వీ ఆర్ ద వరల్డ్' పాట రికార్డింగ్ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు గానీ, వాళ్లలో ఒకడైన గాయకుడు బాబ్ డిలన్ సంగతి వదిలేశారేంటండీ! 1985 జనవరి 28 రాత్రి, హాలీవుడ్‌లోని ఏ అండ్ ఎం స్టూడియో. చాలామంది అవార్డుల ఫంక్షన్ నుంచి నేరుగా వచ్చారు. 'అహం గుమ్మం బయటే వదిలి రండి' అని పాట నిర్మాత క్విన్సీ జోన్స్ కాగితం అంటించాడు. ఆ గుంపులో డిలన్ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు, పెదవులు సరిగా కదలవు. ఎంత టెన్షనో పాపం! చివరికి తోటి గాయకుడు స్టీవీ వండర్ పియానో ముందు కూర్చుని, డిలన్ పాడాల్సిన లైనును అచ్చం అతని గొంతుతోనే పాడి వినిపిస్తే గానీ దారిలో పడలేదు.

ఆ పాటతో సాయానికి వచ్చిన డబ్బు మాత్రం 6 కోట్ల డాలర్లు దాటింది. ఇథియోపియా కరువుకు వానలు పడకపోవడంతో పాటు అంతర్యుద్ధం కూడా కారణమే. పాటలో ఆ ఊసే లేదు.