అందరూ "బాగుంది" అన్నారని మాత్రలు మానేయకండి

శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "స్కిజోఫ్రీనియాకు కంప్యూటర్ థెరపీ వచ్చింది. పేషెంట్లు, సిబ్బంది అందరూ సంతృప్తిగా ఉన్నారు. ఇక మందులు, డాక్టర్లు అక్కర్లేదు." లేని గొంతులు చెవిలో వినిపించడం లాంటి లక్షణాలుండే ఈ మానసిక జబ్బు మా అన్నయ్యకు వచ్చి 12 ఏళ్లయింది. ఇది నమ్మి ఎవరైనా మాత్రలు ఆపేస్తారేమోనని భయమేసి రాస్తున్నాను.

మందులు అక్కర్లేదన్నది పచ్చి అబద్ధం. ఈ థెరపీలో స్క్రీన్ మీద అభ్యాసాలు చేయించి ధ్యాస, జ్ఞాపకశక్తి, పనులు వరసగా చేసుకునే తీరు మెరుగుపరుస్తారు. ఆ గొంతులను ఆపడం దీని పని కాదు. లండన్‌లోని పరిశోధకురాలు టిల్ వైక్స్ బృందం 2011లో 40 అధ్యయనాలను కలిపి చూసింది. జ్ఞాపకం, ధ్యాస లాంటి వాటిలో ఓ మోస్తరు మేలు కనిపించింది. జబ్బు లక్షణాలు కొద్దిగానే తగ్గాయి, అదీ ఎక్కువ కాలం నిలవలేదు. మాత్రలు ఆపితే జబ్బు తిరగబెట్టడం మా ఇంట్లోనే రెండుసార్లు చూశాం. మాత్రలతో ఇబ్బందిగా ఉంటే డాక్టరుకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి.

ఇక "అందరూ సంతృప్తిగా ఉన్నారు" అన్న మాట. ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు? పేషెంట్ల సంతృప్తి కొలవడానికి బాగా వాడుకలో ఉన్న ఒక ఫారంలో 8 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. ఆ మధ్య విశాఖలో ఓ ఆసుపత్రిలో అన్నయ్యకు ఈ అభ్యాసాలు చేయించి, అలాంటి ఫారమే చేతికిచ్చారు. నర్సమ్మ పక్కనే నిలబడింది.

"బాగుందా బాబూ?"

"బాగుందమ్మా."

అన్నిటికీ పై మార్కే టిక్కు పెట్టేశాడు. తిరుగు బస్సు రణస్థలం దాటాక మెల్లగా చెప్పాడు: "అంకెలు గబగబా వెళ్లిపోతుంటే తలనొప్పి వచ్చేసిందిరా. చెబితే ఏమనుకుంటారో అని..." ఆ తలనొప్పి ఏ లెక్కలోకీ రాలేదు. మధ్యలో మానేసినవాళ్లకైతే ఫారమే అందదు. వైద్యం చేసేవాళ్లు కాకుండా వేరేవాళ్లు, పేరు రాయించకుండా, మానేసినవాళ్లను కూడా అడిగితేనే ఆ మార్కులకు విలువ.

సిబ్బంది సంతృప్తి వేరే సంగతి. పని తగ్గిందని సంతోషించినా అది పేషెంటుకు మేలు జరిగిందన్నట్టు కాదు.

మనిషే అక్కర్లేదా? 2021లో 130 అధ్యయనాలను పరిశీలిస్తే, శిక్షణ ఉన్న థెరపిస్టు చురుగ్గా పాల్గొన్నచోట ఫలితం మెరుగ్గా ఉందని తేలింది. అన్నయ్యకూ అంతే. అంకెల అభ్యాసం అయ్యాక ఒక అమ్మాయి కూర్చుని, రైతుబజారులో ఏం కొనాలో చీటీ రాయించేది. ఆ అలవాటు ఇంకా ఉంది. మొన్న ఆదివారం చీటీలో వంకాయలు, చింతపండు రాసుకుని, కింద తన మాత్రల పేరు కూడా రాసుకుని వెళ్లాడు.