ఒకే పేరు, మూడు జాబితాలు

మీ ఇంట్లో పెళ్లి తంతు ఎలా సాగుతుంది? ఏ దేవతకు మొక్కుతారు? చనిపోయినవారిని కాలుస్తారా, పూడ్చిపెడతారా? మహారాష్ట్రలో తాను మహాదేవ్ కోలీ తెగకు చెందినవాడినని చెప్పుకునే విద్యార్థి ఇంటికి, ధ్రువపత్రం నిజమో కాదో తేల్చే విజిలెన్స్ బృందం వచ్చి అడిగే ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు ఏర్పరచిన పద్ధతి ఇది. బడి రికార్డుల్లో ‘హిందూ కోలీ’ అని రాసి ఉన్న కుటుంబం తమది మహాదేవ్ కోలీ తెగ అని కోరగా, న్యాయస్థానం అంగీకరించలేదు. ఆ తీర్పులోని మార్గదర్శకాలే దేశమంతటా కుల ధ్రువపత్రాల పరిశీలనకు ప్రాతిపదికయ్యాయి. ఆచారాల పోలిక ఒక్కటే గీటురాయి కాజాలదని అదే న్యాయస్థానం 2023 మార్చిలో స్పష్టం చేసింది కానీ, అప్పటికే ఒక తెగ సంస్కృతి మొత్తం పరీక్షలో అడిగే ప్రశ్నపత్రంగా మారిపోయింది.

తగువంతా పేరు దగ్గర మొదలవుతుంది. కోలీ అన్న మాట ఒక్కటే, దాని కింద ఉన్న సముదాయాలు మాత్రం అనేకం. హిమాచల్ ప్రదేశ్‌లో కోలీలు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు, గుజరాత్‌లో వెనుకబడిన తరగతుల్లో ఉన్నారు. మహారాష్ట్రలో మహాదేవ్ కోలీ, మల్హార్ కోలీ, ఢోర్ కోలీ, టోక్రే కోలీ వంటివారు షెడ్యూల్డు తెగలు కాగా, ముంబయి తీరంలో తరతరాలుగా చేపలు పడుతూ కోలీవాడల్లో బతుకుతున్న సోన్ కోలీలు ఆ జాబితాలో లేరు. మొదట్లో ఈ గుర్తింపు నిర్దిష్ట ప్రాంతాలకే పరిమితమై ఉండేది. 1976 నాటి సవరణ చట్టం ఆ హద్దులను చెరిపేయడంతో, మైదానాల్లోని కోలీలు కూడా తాము ఆ తెగవారమేనంటూ ధ్రువపత్రాల కోసం బారులు తీరారు. ఇది తెలుగువారికి కొత్త సంగతేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏజెన్సీ ప్రాంతపు వాల్మీకులు షెడ్యూల్డు తెగ, రాయలసీమ వాల్మీకి బోయలు వెనుకబడిన తరగతి. బోయలనూ గిరిజన జాబితాలో చేర్చాలని రాష్ట్ర శాసనసభ 2023లో తీర్మానం చేసినప్పుడు మన్యంలో రేగిన ఆందోళన ఇంకా గుర్తుండే ఉంటుంది.

దొంగ పత్రంతో ఉద్యోగం సంపాదించినవారిని వెనకేసుకురావాల్సిన పని లేదు. ఆ ఉద్యోగం నిలవదని 2017లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పడం సబబే. మా అభ్యంతరం వేరే చోట ఉంది. ఈ పరిశీలనలో రాజ్యాంగం రాక మునుపటి కాగితానికి ఎక్కడ లేని విలువ. బడి మొహం చూడని తాత, పట్టా లేని పోడు చేసుకున్న ముత్తాత ఉన్న కొండ మనిషి ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు? మైదానంలో ఉండి నాలుగక్షరాలు నేర్చిన కుటుంబానికే ఏదో ఒక కాగితం దొరుకుతుంది. అసలు ఎవరి కోసం గుర్తింపు వచ్చిందో వారి చేతులే ఖాళీగా ఉంటాయి.

నిజానికి కాగితాలు లేకపోలేదు, అవి సర్కారు బీరువాల్లో ఉన్నాయి. మహాదేవ్ కోలీల గురించి కెప్టెన్ మెకింతోష్ అనే సైనికాధికారి రాసిన సుదీర్ఘ వృత్తాంతం 1830లలోనే, అదీ మద్రాసు నుంచి వెలువడిన ఒక పత్రికలో అచ్చయింది. అతనికి అంత ఆసక్తి ఊరికే కలగలేదు. సహ్యాద్రి కొండకోటలకు కాపలా కాసింది ఈ కోలీలే. 1818లో పీష్వాల పాలన ముగిశాక బ్రిటిష్‌వారు ఆ కోటలను నిర్వీర్యం చేసి, కాపలాదార్ల కొలువులు తీసేసి, నాయక్‌లనే కోలీ పెద్దల భత్యాలకు కోత పెట్టారు. పదేళ్లు తిరక్కముందే కొండలు తిరగబడ్డాయి. అకోలె తాలూకా దేవ్‌గావ్‌కు చెందిన రాఘోజీ భాంగ్రే 1840లలో నడిపిన తిరుగుబాటు వీటన్నిటిలోకీ పెద్దది. అతడు ముందుగా గురిపెట్టింది సర్కారు ఖజానాను కాదు, వడ్డీ వ్యాపారులను. వారి ముక్కులు కోయించిన సంగతి బ్రిటిష్ గెజిటీరులోనే ఉంది. చివరికి పండరీపురంలో యాత్రికుల మధ్య దొరికిపోయిన రాఘోజీని 1848 మే 2న ఠాణే జైలులో ఉరితీశారు. నాటి దస్త్రాల్లో అతడొక బందిపోటు. ఇదే తెగకు చెందిన ముక్నే వంశం 1948లో విలీనమయ్యే దాకా జవ్హార్ సంస్థానాన్ని ఏలిందన్న సంగతి ఆ బందిపోటు ముద్ర పక్కన పెట్టి చూస్తే, ముద్ర వేసినవారి అవసరమేమిటో తెలిసిపోతుంది.

ఆచారాల గురించి అడిగే అధికారి కళసూబాయి కొండ ఎక్కి చూస్తే బాగుంటుంది. 1,646 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం మహారాష్ట్రలోకెల్లా ఎత్తయినది. దాని మీద నిలబడటానికే చోటు చాలనంత చిన్న గుడి ఉంది. అందులోని దేవత కళసూ, అక్కడివారు చెప్పుకునే కథ ప్రకారం, ఒక కోలీ పిల్ల. కొండ కింది ఊళ్లో ఒకరింట పనికి కుదురుతూ, అంట్లు తోమనని, ఊడ్చనని ముందే షరతు పెట్టింది. ఒకనాడు ఆ ఇంటివారు మాట తప్పి ఆ పనులే చెప్పారు. ఆమె పోట్లాడలేదు. చెప్పిన పని ముగించి, కొండెక్కి వెళ్లిపోయింది, మళ్లీ దిగిరాలేదు. ఇచ్చిన మాట తప్పిన యజమానిని విడిచి వెళ్లిన పనిపిల్లను దేవతగా కొలిచే ఈ భక్తి, దరఖాస్తు ఫారంలో ‘ఇష్టదైవం’ అన్న గడిలో ఇమిడేది కాదు.

ఈ తెగ జ్ఞానం విత్తనంలో ఉంది, చెట్టులో ఉంది. కొంభాళ్ణే గ్రామానికి చెందిన రాహీబాయి పోపెరె బడికి వెళ్లలేదు. చిక్కుళ్లు, వరి, కూరగాయల దేశవాళీ రకాలు సేకరించి ఇంట్లోనే విత్తన నిధి నిర్మించిన ఆమెకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. జున్నర్, అంబేగావ్ కొండల్లో వేసవి వస్తే ఇంటిల్లిపాదీ కరక్కాయ చెట్ల కిందే కనిపిస్తారు. మనం దగ్గు వస్తే బుగ్గన పెట్టుకునే ఆ కాయనే వారు హిర్డా అంటారు. ముదరకముందే లేత పిందెలను కోసి, ముంగిట్లో పరచి, నల్లగా గిడసబారేదాకా ఎండబెడతారు. వరి ఒక్క కారుకే పరిమితమైన ఆ రాతినేలల్లో ఏడాది మొత్తంమీద చేతికి నగదు వచ్చేది ఎక్కువగా దీనివల్లే. 2020 జూన్ 3న నిసర్గ తుపాను ఆ చెట్లను కూల్చినప్పుడు, నష్టపరిహారం కోసం వారు ఏళ్ల తరబడి ఆందోళన చేయాల్సివచ్చింది. చెట్టు పొలంలో ఉంటే పంట నష్టం, అడవిలో ఉంటే ఎవరి నష్టమో లెక్క తేలదు మరి.

కనుక రుజువు భారాన్ని కొండ మీది కుటుంబం నెత్తిన మోపడం మాని, తన దగ్గరున్న పాత దస్త్రాల ఆధారంగా తెగ గ్రామాల జాబితాను ప్రభుత్వమే సిద్ధం చేసి, గ్రామసభల ముందు పెట్టాలని మేము కోరుతున్నాం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద హిర్డా చెట్ల మీద సాముదాయక హక్కు పత్రాలు ఇస్తే, తుపాను వచ్చిన నాడు పరిహారం ఎవరికివ్వాలో వెతుక్కోనక్కర్లేదు. కాయ కొనే ధర కోత మొదలు కాకముందే, అంటే మార్చికల్లా ప్రకటించాలి. వానలు పడ్డాక ధర చెబితే, అప్పటికే సరుకు వ్యాపారి గోదాముకు చేరి ఉంటుంది.