చేతిలో మార్కుల పుస్తకం పెట్టుకుని మనసు విప్పమంటారా?

వార్డులో తడబడుతున్న నర్సింగ్ విద్యార్థిని తిట్టి కాదు, మాట్లాడించి నిలబెట్టాలి. ఇందులో మాకు రెండో అభిప్రాయం లేదు. అందుకే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న కోరికను ఎదుటి మనిషి నోటి నుంచే రప్పించే సంభాషణ పద్ధతి) పేరుతో మొదలైన తంతును చూసి ఊరుకోలేకపోతున్నాం. ఒకరోజు వర్క్‌షాప్, చేతికో సర్టిఫికెట్, విద్యార్థి చేసిన పనులు నమోదు చేసే లాగ్‌బుక్‌లో కొత్తగా ఒక గడి. వార్డులో పని నేర్పే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థిని పక్కకు పిలిచి ‘నీ ఇబ్బందేంటో దాచకుండా చెప్పు’ అంటారు. విద్యార్థి చెప్పిందల్లా ఆ గడిలోకి ఎక్కుతుంది. తర్వాత అదే పుస్తకం ముందేసుకుని అదే మనిషి ఇంటర్నల్ మార్కులు వేస్తారు. మెత్తటి గొంతుతో చేసినా విచారణ విచారణే.

ఈ పద్ధతి పుట్టిందే మందలింపు పనిచేయదన్న ఎరుకతో. మద్యం మానలేనివారితో ఎలా మాట్లాడాలో చెబుతూ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో దీన్ని ప్రతిపాదించారు. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకంగా తెచ్చారు. మారాలనీ ఉండి, వద్దనీ ఉండి ఊగిసలాడే మనిషి ముందు మనం ‘మారాలి’ అని వాదనకు దిగితే, అతడు ‘వద్దు’ వైపు నిలబడి జవాబు చెబుతాడు. ఎందుకు మారాలో అతడి నోటి నుంచే రావాలి. మందులు మానేసిన రోగితో ఇలా మాట్లాడాలని విద్యార్థులకు పాఠం చెబుతారు. ఆ పాఠం చెప్పినవాళ్లే వార్డులోకి రాగానే ‘ఇంత చిన్న పని రాదా?’ అని పదిమంది ముందు అరుస్తారు. రోగికిచ్చే గౌరవం విద్యార్థికి ఎందుకు ఉండదు?

సరిగ్గా చేస్తే ఈ సంభాషణ ఎంత పని చేస్తుందో ఐవీ కాన్యులా (సూది మీదుగా నరంలోకి జార్చే సన్నని గొట్టం) దగ్గర చూడొచ్చు. ఒకసారి గుచ్చి తప్పిపోయిన విద్యార్థి రెండో రోగి దగ్గరికి రాకుండా ట్రాలీ వెనక నిలబడిపోతుంది. ‘భయమెందుకు, అందరూ చేస్తున్నారుగా’ అనడం దిద్దాలన్న ఆత్రం మాత్రమే. ఆ మాటతో ఆమె ఇంకో అడుగు వెనక్కి వేస్తుంది. ‘మళ్లీ గుచ్చితే ఆవిడకు నొప్పి పెడతానేమోనని ఆగిపోయావు. అయినా ట్రే సర్దుకునే వచ్చావు’ అని చూడండి. ఆమె తలెత్తుతుంది. ఆపైన ‘సున్నా నుంచి పది వరకు లెక్కేస్తే, చేయగలనన్న ధైర్యం నీకు ఎంత?’ అని అడగాలి. నాలుగు అంటుంది. ఇక్కడే చాలామంది చెడగొడతారు. ‘ఎనిమిది ఎందుకు కాదు?’ అంటారు, ఆమె తన లోపాల చిట్టా విప్పుతుంది. అడగాల్సింది ‘ఒకటి అనకుండా నాలుగు ఎందుకన్నావు?’ అని. ‘నరం దొరుకుతోంది, టోర్నికే (నరం ఉబ్బేలా చేతికి బిగించే పట్టీ) బాగానే కడుతున్నాను. రక్తం కనబడ్డాక ముందుకు తోసేటప్పుడే చెయ్యి ఆగుతోంది’ అంటుంది.

దొరకాల్సింది అదే. ‘దాని గురించి ఒక మాట చెప్పనా?’ అని అనుమతి అడిగి, రక్తం కనబడగానే సూది కోణం తగ్గించాలనీ, రవ్వంత ముందుకు జరిపాక సూదిని కదలనివ్వకుండా కాన్యులాను మాత్రమే లోపలికి జార్చాలనీ, అదే కోణంలో తోస్తే నరం వెనక గోడ చిల్లు పడుతుందనీ చెప్పాలి. చెప్పి వదిలేయకుండా ‘ఇప్పుడేమనిపిస్తోంది, ముందు బొమ్మ చేయి మీద చేసి చూస్తావా?’ అని నిర్ణయం ఆమెకే వదలాలి. పక్కన మార్కుల పుస్తకం తెరిచి ఉంటే ఆ విద్యార్థి ‘నాలుగు’ అంటుందా? ఎనిమిదనే అంటుంది. వణికే చేతిని జేబులో దాచుకుని రోగి దగ్గరికి వెళుతుంది. ఆ అబద్ధానికి మూల్యం చెల్లించేది రోగి.

ఇది అన్నింటికీ మందు కాదన్నదీ మరవకూడదు. సిరంజిలోకి పదింతల డోసు లాగుతున్న విద్యార్థిని ప్రశ్నలడుగుతూ కూర్చోకూడదు, ముందు చెయ్యి పట్టి ఆపాలి. చేయడం తెలియనివారికి చేసి చూపించాలి. చూసేవారు లేక ఒంటరిగా వదిలేసిన విద్యార్థికైతే కావలసింది పక్కన నిలబడే మనిషి. ఆ లోటు కప్పిపుచ్చడానికి ‘నీలో ప్రేరణ లేదు’ అనడం దగా.

వార్డులో తీరికేదని ఇన్‌స్ట్రక్టర్లు అంటారు. వారి మీద భారం నిజమే. కానీ పైన చెప్పిన మాటలకు పట్టేది కొద్ది నిమిషాలు. అసలు చిక్కు శిక్షణలో ఉంది. ఒక్క వర్క్‌షాప్‌కు హాజరైనవారు తమకు బాగా వచ్చేసిందని చెప్పుకున్నారే తప్ప, ఎదుటివారిలో మార్పు తెచ్చేంతగా వారి మాటతీరు మారలేదని 2001లో మిల్లర్ బృందమే తేల్చింది. రికార్డింగులు విని లోపాలు చెప్పేవారు, వెన్నంటి సలహా ఇచ్చేవారు ఉంటే నైపుణ్యం నిలుస్తుందని 2004లో చూపింది. నేర్చుకున్నదీ లేనిదీ లెక్కకట్టే కొలమానమూ ఉంది: ఒక ప్రశ్న అడిగితే, విన్నమాటను అర్థం చేసుకుని తిరిగి చెప్పడం కనీసం ఒకసారి, బాగా వచ్చినవారైతే రెండుసార్లు. ప్రశ్న మీద ప్రశ్న వేసే మన ఇన్‌స్ట్రక్టర్లలో ఎంతమంది సంభాషణను ఇలా ఎవరైనా విని చూశారు?

ప్రిన్సిపాళ్లకు సూటిగా చెబుతున్నాం. మాట్లాడేవారు వేరు, మార్కులు వేసేవారు వేరు కావాలి. ఆ సంభాషణలో వచ్చిన మాట రోగి ప్రాణానికి ముప్పు అయితే తప్ప గది దాటకూడదు, ఆ ఒక్క మినహాయింపునూ మొదటే విద్యార్థికి చెప్పాలి. ఈ రెండూ చేయలేకపోతే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పేరు ఎత్తకండి, లాగ్‌బుక్‌లో ఆ గడి కొట్టేయండి. ఇప్పటిదాకా అందులో రాసుకున్న పిల్లల భయాలకు ఎన్ని మార్కులు కోశారో ముందు ఆ లెక్క తీయండి.