మూలుగ బొక్క ఎవరికి చెందాలి?

మా ఇంట్లో ఆదివారం మటన్ బాధ్యత పూర్తిగా నాదే. అంటే, తేవడం. ఆ తర్వాత కడగడం, ఉల్లిగడ్డలు తరగడం, మసాలా నూరడం, వండడం, వడ్డించడం, గిన్నెలు తోమడం లాంటి చిల్లర పనులు మా ఆవిడ చూసుకుంటుంది. 22 ఏళ్ళుగా ఈ బాధ్యత మోస్తున్నవాడిగా కొన్ని విషయాలు ప్రజల ముందు పెట్టాల్సిన సమయం వచ్చిందని భావిస్తున్నాను.

ముందుగా మన స్థాయి ఏమిటో చూద్దాం. 2014లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో, తెలంగాణలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. దేశంలో మొదటి స్థానం. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలోనూ మనమే మొదటివాళ్ళం, సుమారు 1 కోటి 90 లక్షలు. తినేవాళ్ళూ ఇక్కడే, మేసేవీ ఇక్కడే. ఇంత అనుకూల పరిస్థితి ఉండి కూడా మనం తినేది ఎంత? సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న. మిగిలింది బుధవారం, ఆదివారం. బుధవారం ఆఫీసు. శ్రావణమొకటి, కార్తీకమొకటి, ఇంట్లో ఎవరైనా మాల వేసుకుంటే అదొకటి. సర్వే వాళ్ళు ఏ ఆదివారం పూటో వచ్చి అడిగి ఉంటారని నా అనుమానం.

కాబట్టి వారం బరువంతా ఆదివారం మీద, అంటే నా మీద పడుతుంది.

మటన్ తేవడం తేలిక అనుకునేవాళ్ళు ఎన్నడూ తెచ్చినవాళ్ళు కారు. ఉదయం ఆరున్నరకల్లా దుకాణం ముందు ఉండాలి. వేలాడుతున్నదాన్ని చూసి, తోకను బట్టి మేకో గొర్రో చెప్పగలగాలి. మేక తోక పొట్టిగా పైకి లేచి ఉంటుంది, గొర్రెది కిందికి వేలాడుతుంది. ఈ విద్య మా నాన్న నాకు నేర్పాడు, నేను నా కొడుక్కి నేర్పుదామంటే వాడు ఫోన్లోంచి తల ఎత్తడు. "అన్నా, తొడ దిక్కు కొట్టు, రెండు చాప్స్ వెయ్, మూలుగ బొక్కలు మర్చిపోకు" అని నేను చెబుతుంటే, చింత మొద్దు మీద కత్తి ఆడిస్తూ అతను "లేత పోతు సార్, మీకెందుకు, నేనిస్త గద" అంటాడు. ఆ మాట వరసలో ఉన్న అందరితోనూ అంటాడు. కానీ నాతో అనేటప్పుడు గొంతులో తేడా ఉంటుంది. చివర్లో కొసరుగా ఇంత కార్జం ముక్క వేస్తాడు. నాకు ఏ సన్మానంలోనూ కలగని తృప్తి అది. (సన్మానం ఇంతవరకు జరగలేదు. అది వేరే విషయం.)

2025లో నా సామర్థ్యానికి అసలైన పరీక్ష ఎదురైంది. దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబర్ 2నే వచ్చాయి. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ చేసుకుని ఇంటికొచ్చిన మనిషికి యాటకూర లేకపోతే తెలంగాణలో అది దసరానే కాదు. గాంధీ జయంతి నాడు దుకాణాలు తెరవరు. నేను కంగారు పడలేదు. ముందురోజు రాత్రి రెండు గంటలు వరసలో నిలబడి, రెండు కిలోలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. అహింసకు భంగం లేదు, హింస నిన్నటిది.

ఇక వంట సంగతి. మా ఆవిడ ముక్కలకు ఉప్పు, పసుపు, అల్లంఎల్లిగడ్డ పట్టించి, వాటిలో ఊరిన నీళ్ళు ఇగిరేదాకా వేయిస్తుంది. ఇంకో పొయ్యి మీద ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు వేయించి నూరుతుంది. ఆ సమయంలో నేను వంటింటి గుమ్మంలో నిలబడి పర్యవేక్షిస్తాను. "మంట జర తగ్గించు" అంటాను. అప్పటికే తగ్గించి ఉంటుంది. "విజిల్స్ ఎన్ని వచ్చినయి?" అంటాను. నాలుగు చాలని మా ఆవిడ, ఆరు కావాలని నేను, అసలు కుక్కరే దండగ, మట్టి కుండలో కట్టెల పొయ్యి మీద అయితేనే కూర అని మా అమ్మ. ఈ మూడు వాదాల మధ్య ఏడో విజిల్ వచ్చేస్తుంది.

సరిగ్గా పదకొండున్నరకు నేను ఫోన్ చూసుకుని, "మనోళ్ళు వస్తున్నరు, ఇద్దరే, వాళ్ళ పిల్లలతో" అని ప్రకటిస్తాను. ఆతిథ్యం నా రక్తంలో ఉంది. మా ఆవిడ ఏమీ అనదు, నాలుగు ఆలుగడ్డలు తీసి చెక్కు తీస్తుంది, కూరలో ఒక చెంబు నీళ్ళు పోస్తుంది, బగారాకు ఇంకో రెండు గ్లాసుల బియ్యం కడుగుతుంది. కూర పలచబడుతుంది, నా పరపతి చిక్కబడుతుంది.

అసలు సమస్య వడ్డనలో మొదలవుతుంది. కిలోలో మూలుగ బొక్కలు రెండు, మహా అయితే మూడు. హక్కుదారులేమో అరడజను. మా నాన్నకు పళ్ళు లేవు, కానీ మూలుగ జుర్రడానికి పళ్ళతో పని లేదు, పైగా ఇంటి పెద్ద. మా బావ వస్తే ఇంటి అల్లుడు, ఆయన కంచంలో చారు నీళ్ళు పడితే మా అక్క మూడు నెలలు ఫోన్ ఎత్తదు. కొడుకు ఎదిగే పిల్లాడు. దోస్తులు అతిథులు. నేను తెచ్చినవాణ్ణి. కార్జం సంగతి వడ్డన దాకా రాదు, "ఉప్పు చూస్త" అని గిన్నె చుట్టూ తిరిగే మా చిన్నమ్మాయి అంతకుముందే దాన్ని పరిష్కరిస్తుంది.

చెంగిచర్లలో మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థే ఉంది. మూలుగ బొక్కల పంపిణీకి ఒక శాస్త్రీయ సూత్రం కనిపెట్టమని వాళ్ళకు అర్జీ పెట్టుకుందామని ఉంది.

అయితే ఈ హక్కుదారుల జాబితాలో మా ఆవిడ పేరు ఎందుకు లేదని ఒక దోస్తు భార్య అడిగింది. సరైన ప్రశ్నే. మా ఆవిడకు ముక్కలంటే ఇష్టం ఉండదు. అందరూ తిని, పాన్ వేసుకుని, నేను ఒక కునుకు తీసి లేచేసరికి మూడున్నర అవుతుంది. అప్పుడు ఆమె కూర గిన్నెలోనే ఇంత అన్నం వేసుకుని, అడుగున అంటిన మసాలాను వేళ్ళతో గీరి, గిన్నె చుట్టూ తుడిచి కలుపుకుని తింటుంది. ముక్క వేసుకోలేదేమని ఒకసారి అడిగాను కూడా. "నాకు ఇగురే ఇష్టం" అంది. 22 ఏళ్ళుగా అదే రుచి, మార్పు లేదు.

మొన్న దసరా సెలవుల్లో, ఆ ఆదివారం అత్తగారింటికి వెళ్ళాం. అక్కడ వంట మా అత్తమ్మది. వడ్డిస్తూ వడ్డిస్తూ గిన్నెలోంచి రెండు మూలుగ బొక్కలు ఏరి బిడ్డ కంచంలో వేసింది. నా వైపు చూడనైనా లేదు. మా ఆవిడ ఒక బొక్క తీసుకుని కంచం అంచుకు టకటకా నాలుగు దెబ్బలు కొట్టి, నోట పెట్టి సర్రున జుర్రింది. రెండోది కూడా. తర్వాత వేళ్ళు నాక్కుంటూ, "అమ్మా, ఇంకోటి ఉందా?" అంది.

ఆ ఊరి నీళ్ళలో ఏదో ఉంది. పరీక్ష చేయించాలి.