కర్రకి కాదమ్మా, చేతికి అడుగుతున్నాను

"పాత కుర్చీకి ఇంత రేటా?"

మా ఒడిశా బరంపురంలో నాలా పాత కర్ర సామాను బాగుచేసి అమ్మేవాళ్ళలో ఈ మాట పడనివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టుకొస్తాను. తెలుగువాళ్ళు తెలుగులో అంటారు, ఒడియావాళ్ళు ఒడియాలో అంటారు, మా వీధివాళ్ళు ఒకే వాక్యంలో రెండూ కలిపి అంటారు. అర్థం మాత్రం ఒకటే. కర్ర పాతది, ఎవరింట్లోనో మూలన పడుంది, నువ్వు ఎత్తుకొచ్చావు, నాలుగు రుద్దులు రుద్దావు, ఇప్పుడు వేలల్లో చెప్తున్నావు.

నాకు తెలిసినంతలో మన జనం పిసినారులు కాదు. తూకం వేయగలిగిన దేనికైనా డబ్బులు తీస్తారు. వెండి ఎన్ని గ్రాములు, జరీ అసలుదా కాదా, టేకు ఎన్ని అడుగులు, అన్నీ అడిగి లెక్కకట్టి ఇస్తారు. మనిషి చేతిపని దగ్గరకి వచ్చేసరికే "అది అందులోనే కలిపెయ్యండి" అంటారు. ఎందులో కలపాలండీ?

ముందు కర్ర సంగతి. మా వైపు పాత ఇళ్ళలో అంత టేకు ఎక్కడిదని బయటివాళ్ళు ఆశ్చర్యపోతారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు కిందే ఉండేది. పక్కనున్న గోపాలపురం రేవు నుంచి రంగూన్‌కి ఓడలు నడిచేవి. ఇటు గంజాం, అటు శ్రీకాకుళం ఊళ్ళ నుంచి ఎంతమంది బర్మా వెళ్ళి కూలి చేశారో, మన ఇళ్ళలో ముసలివాళ్ళున్నప్పుడు అడిగి ఉంటే తెలిసేది. రంగూన్ టేకంటే ఇక్కడ ఇప్పటికీ అదో గౌరవం. కచేరీ బల్లలు, వకీళ్ళ అల్మారాలు, ముందుకి చేతులు తిప్పి వాటి మీద కాళ్ళు చాపుకునే పడక్కుర్చీలు, పందిరి మంచాలు, మనిషి పడుకోగలిగినంత భోషాణాలు. బడాబజార్ వైపు పాత ఇల్లు ఒకటి పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతున్నారంటే నాకు మూడు ఫోన్లు వస్తాయి, ఒకటి పాత సామాను కొనే కబాడీ వాడి నుంచి, రెండు నాలాంటి వాళ్ళ నుంచి. అంటే కర్ర ఊరికే రాదు. దాని రేటు ఇప్పుడు కబాడీ వాడికి నాకంటే బాగా తెలుసు. అయినా సరే, కుర్చీకి నేను చెప్పే ధరలో కర్ర వాటా మీరనుకునే దాంట్లో సగం ఉండదు.

పడక్కుర్చీ ఒక్కటి తీసుకుందాం. మొదట దాని మీద ఎన్ని పొరలుంటాయో చూడాలి. అడుగున అసలు లక్క పాలిష్, దాని మీద ఎవరో పండక్కి కొట్టిన వార్నిష్, దాని మీద ఇంకొకరి కాఫీపొడి రంగు ఎనామిల్. ఇవన్నీ తీయాలి, కర్ర తీయకూడదు. ఇక్కడే మిషన్ పెట్టేవాళ్ళు చెడగొడతారు. చేతుల అంచుల దగ్గర పాత వడ్రంగి మెత్తగా తిప్పిన గుండ్రం ఉంటుంది చూడండి, గరగరా మిషన్ పెడితే అది పోయి బల్ల అంచులా పదునుగా తేలుతుంది. కుర్చీ మెరుస్తుంది, కానీ అది వేరే కుర్చీ. అందుకే ముందు బ్లేడుతో గీకి, ఆ తర్వాత ఉప్పుకాగితం గరుకుది నుంచి నున్నదాకా 120, 180, 220 నంబర్లు వరసగా, కర్ర పీచు వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే అప్పటికి కనపడదు, పాలిష్ పడ్డాక ప్రతి గీతా లేచి కూర్చుంటుంది.

తర్వాత పేము అల్లిక. ఇదొక్కటి దగ్గరుండి చూస్తే ఎవరూ బేరమాడరని నా నమ్మకం. ఫ్రేము చుట్టూ వరసగా చిల్లులుంటాయి. నానబెట్టిన పేము చీలికని ముందు నిలువుగా లాగుతారు, దాని మీద అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం. ఈ రెండో అడ్డం ఊరికే వేసేది కాదు, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి నేస్తూ పోవాలి. అప్పుడు ఐమూలగా ఒక వైపు, ఐమూలగా రెండో వైపు. ఆఖరున చిల్లులు మూసుకుంటూ అంచు కుట్టాలి. పేము ఆరిపోతే విరుగుతుంది కాబట్టి తడి చూసుకుంటూ ఉండాలి. వేళ్ళ చివర్లు చీలుతాయి. ఒకప్పుడు సర్కారు ఆఫీసుల కుర్చీలకి ఈ అల్లిక చూపులేనివాళ్ళు చేసేవారు, ఆ పని నేర్పించి ఉద్యోగాలు కూడా ఇచ్చేవారు. చేతివేళ్ళకే తెలిసే పని అది. ఇప్పుడు మిషన్ అల్లిన పేము షీటు చుట్టలుగా దొరుకుతుంది, గాడిలో జిగురు పోసి నొక్కేస్తే అయిపోతుంది. అదీ తప్పు కాదు, చవగ్గా కావాలంటే అదే వేస్తాను, చెప్పి వేస్తాను. కానీ షీటు రేటు చూపించి "ఫలానా షాపులో ఇంతకే ఇస్తున్నారు, మీరు చేత్తో అల్లించండి" అంటే ఒళ్ళు మండుతుంది. కొనేటప్పుడు తేడా తెలియాలంటే కుర్చీ తిరగేసి చూడండి. ఫ్రేము అడుగున చిల్లులుంటే చేతి అల్లిక, ఏమీ లేకుండా నున్నగా ఉంటే షీటు.

ఇక పాలిష్. రేకుల్లా ఉండే చపడా లక్కని స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో దూది ఉండ చుట్టి, ఆ ద్రావణం అద్దుకుంటూ పలచగా తిప్పుతూ పోవడం. ఒక పొర ఆరాక ఇంకొకటి. మధ్యలో చెయ్యి ఆగిందంటే ఉండ అంటుకుని మచ్చ పడుతుంది. మా పాలిష్ మేస్త్రీ పని మొదలుపెట్టాక ఫోన్ ఎత్తడు, మాట్లాడడు, టీ తెస్తే చల్లారిపోతుంది. "నువ్వెళ్ళు తల్లీ, చెయ్యి ఆగిపోతాది" అంటాడు. ఇంత చేశాక వాన కాలమైతే మొత్తం వృథా. మాది సముద్రం గాలి. గాలిలో తేమ ఎక్కువైతే లక్క పాలిష్ మీద తెల్లటి పొర తేలుతుంది. అందుకే ఆషాఢ శ్రావణాల్లో నేను పాలిష్ ముట్టించను. "మా అబ్బాయి పెళ్ళి శ్రావణంలోనే" అంటే మెలమైన్ అనే కెమికల్ పాలిష్ కొట్టించుకోండి, తప్పు లేదు. గట్టిగా ఉంటుంది, వేడి గ్లాసు పెట్టినా పరవాలేదు. లక్క పాలిష్ ఆ వేడి తట్టుకోదు, ఆ సంగతీ నేనే ముందు చెప్తాను.

ఇదంతా విన్నాక కూడా "కొత్తదానిలా చెయ్యండి" అనేవాళ్ళున్నారు. కొత్తదే కావాలంటే కొత్తది కొనుక్కోవచ్చు కదా తల్లీ. ఇంకొందరు ఫోన్‌లో ఫొటో చూపించి ఈ రంగూన్ టేకు భోషాణానికి తెల్లరంగు వేసి, అంచుల్లో గీకి, విదేశాల పాత సామానులా చెయ్యమంటారు. మామిడి చెక్కకి వెయ్యండి, సెంట్రింగ్ చెక్కకి వెయ్యండి, నేనే వేసిస్తాను. టేకు మీద మాత్రం నా దగ్గర తెల్లరంగు పడదు. వ్యాపారం పోతే పోనీ.

మధ్యలో పట్టు సంగతి చెప్పాలి. ఒకావిడ బరంపురం పట్టుచీర కట్టుకుని వచ్చారు, మంచి చీర, అంచులో గుడి గోపురాల్లాంటి కుంభాలు మా ఊరి దేరా కులపు నేతగాళ్ళ చేతిపని అని దూరం నుంచే తెలుస్తోంది. మా పట్టుకి 2012లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని సర్కారు ఇచ్చే ముద్ర, కూడా వచ్చింది. చీర ఎంతకి కొన్నారో ఆవిడే గర్వంగా చెప్పారు. పక్క నిమిషంలోనే స్టూలు మీద అల్లికకి మూడొందలు తగ్గించమని పట్టు పట్టారు. నేనేమీ అనలేదు, పోట్లాడితే మళ్ళీ రారు కదా. కానీ ఆలోచించండి, ఆ చీరకి కూడా ఆవిడ నేతకి ఇవ్వలేదు, పట్టు పోగుకీ జరీకీ ఇచ్చాననుకుంటున్నారు. మగ్గం మీద కూర్చున్నవాడికి అందులో చేరిందెంతో ఎప్పుడైనా అడిగారా?

ఒక్కదానికి మాత్రం మనవాళ్ళు లెక్కలేకుండా ఇస్తారు. కథకి. "ఇది పర్లాకిమిడి కోటలోది" అంటే చాలు, ధర రెండింతలు. ఈ జిల్లాల్లో అమ్ముడైన ప్రతి కోట కుర్చీ నిజంగా కోటలోదే అయితే పాపం ఆ రాజులకి నిలబడ్డానికి చోటుండేది కాదు. నిన్న చేసిన కుర్చీకి గొలుసుతో కొట్టి, టీ డికాక్షన్ పూసి, పురుగు చిల్లులు సూదితో పొడిచి అమ్మేవాళ్ళని చూశాను. అది కూడా చేతిపనే అనుకోండి, ఒకలాంటిది! నిజంగా పాతదో కాదో చూడాలంటే సొరుగు బయటికి లాగి వెనక్కి తిప్పండి. బయటికి కనపడని చోట ఎవరూ పాతతనం పూయరు. పాత సొరుగు అడుగున చేతి చిత్రిక గీతలు ఎగుడుదిగుడుగా తగులుతాయి, మూలల్లో మేకులకి బదులు ఒక చెక్క పళ్ళు ఇంకో చెక్కలోకి దూర్చి బిగించి ఉంటాయి, ఆ పళ్ళు అన్నీ ఒకే కొలత ఉండవు.

అలంకరణ సామాను కథ ఇంకా అన్యాయం. పెళ్ళికి రంగులద్దిన చేటలు, కొబ్బరి చిప్ప దీపాలు, జనపతాడు తోరణాలు చేసే ఆడవాళ్ళు మా వీధిలోనే బోలెడంత మంది. వాళ్ళ దగ్గర అందరూ అనే మాట, "తాడే కదా!" తాడేనండీ. మీ ఇంట్లోనూ తాడుంది, చేసుకోండి.

ఇందులో సవరల బొమ్మల గొడవ ఒకటి నాకు ఎప్పటికీ మింగుడు పడదు. గజపతి, రాయగడ కొండల మీద లాంజియా సవరలనే గిరిజనులు గోడల మీద వేసే చిత్రాలు ఇప్పుడు ట్రేల మీద, గడియారాల మీద, కుషన్ల మీద ఎక్కాయి. స్టెన్సిల్ పెట్టి తెల్లరంగు అద్దేసి కింద "వర్లీ ఆర్ట్" అని రాస్తారు. వర్లీ మహారాష్ట్రవాళ్ళది. అక్కడ మనిషి ఒళ్ళు రెండు త్రికోణాలు కలిపి గీస్తారు. సవరల బొమ్మల్లో మనుషులకి అంత కోణాలుండవు, ముందు చుట్టూ చట్రం గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, దేవతలకీ పెద్దలకీ మొక్కుగా వేసేది అది, డ్రాయింగ్ రూము సరదా కాదు. 2024లో దానికీ జీఐ వచ్చింది. పక్క జిల్లా మనుషుల చేతిపని, పేరు ఇంకొకరిది, డబ్బు మధ్యలో స్టెన్సిల్ కొన్నవాడిది. నేను ఆ బొమ్మలు నా సామాను మీద వేయను. వేయాల్సొస్తే వాళ్ళ చేత వేయించి వాళ్ళకిస్తాను, లేదంటే మామూలు ముగ్గు గీత చాలు నాకు.

సర్కారు ఏం చేస్తోందంటారా, చేస్తోంది. 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ పథకం పెట్టారు, 18 రకాల చేతివృత్తులు, పనిముట్లకి 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు. అందులో వడ్రంగి ఉన్నాడు, బుట్టలు చాపలు అల్లేవాళ్ళున్నారు. మంచిదే. కానీ పాలిష్ మేస్త్రీ పేరు ఆ జాబితాలో వెతికితే లేదు. వడ్రంగి కిందే రాయించుకోమని ఒకాయన సలహా ఇస్తే మా మేస్త్రీ "నాను రంపం పట్టనోడిని, అబద్ధం ఎలాగ రాయిస్తాను బావూ" అన్నాడు. బడుగు మనిషికి ఉన్న పట్టింపు చూడండి.

ఇంకోటి, రీల్స్ చూసి ఇంట్లోనే మొదలుపెట్టేవాళ్ళకి. చెయ్యండి, సంతోషం. కానీ పాత తలుపులు, కిటికీలు, ఉయ్యాలలకి ఉన్న ఆ ఆకుపచ్చ, పసుపు ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొట్టిన రంగుని పొడిగా రుద్ది ధూళి లేపితే అది పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి చేసి గీకండి, ముక్కుకి మంచి మాస్కు కట్టుకోండి, పిల్లల్ని బయటికి పంపండి. కర్రకి అవిసె నూనె పూసిన గుడ్డల్ని కుప్పగా వదిలేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచి పారెయ్యాలి. ఈ జాగ్రత్తలకి కూడా టైమూ డబ్బూ అవుతుంది, బిల్లులో ఎవరూ చూడరు.

అందుకే ఇప్పుడు బిల్లు మార్చేశాను. ఒకే అంకె రాయడం మానేశాను. కర్ర ఇంత, పేము ఇంత, లక్కా స్పిరిటూ ఇంత, వడ్రంగి కూలి ఇంత, అల్లిక కూలి ఇంత, పాలిష్ కూలి ఇంత, నాకు ఇంత. బేరమాడాలనుకునేవాళ్ళు ఏ గీత మీద వేలు పెడతారో చూస్తున్నాను. కర్ర మీద పెడితే మాట్లాడతాను, నా వాటా మీద పెట్టినా మాట్లాడతాను. ఆ మూడు కూలీల మీద పెడితే మేస్త్రీ ఫోన్ నంబరిచ్చి ఆయనతోనే మాట్లాడుకోమంటాను. ఇప్పటిదాకా ఒక్కరూ ఫోన్ చేయలేదు.

దసరాకి కావలసినవాళ్ళు ఇప్పుడే చెప్పండి. వానలు మొదలైతే లక్క పని ఆపేస్తానని పైన రాశాను, తర్వాత వచ్చి "ఒక్క స్టూలే కదా అక్కా" అనొద్దు.